తెలిసినవాళ్లు అడిగే ప్రశ్నలు

దారి తెలియనివాళ్లు తెలిసినవాళ్లను అడుగుతారు. జబ్బేమిటో తెలియనివాళ్లు డాక్టరును అడుగుతారు. ఎక్కడైనా ప్రశ్న తెలియనివాళ్ల దగ్గర పుట్టి తెలిసినవాళ్ల దగ్గరకు వెళ్తుంది. ఒక్క బడిలో మాత్రం ఇది తలకిందులు. జవాబు తెలిసిన మనిషి ముందు నిలబడి, తెలియని ముప్పై నలభై మందిని ఒక్కొక్కరినీ లేపి అడుగుతుంటారు. దీనికి మనం ఎంత అలవాటు పడిపోయామంటే, ఇందులో వింతేముందో కూడా చటుక్కున తట్టదు. కొత్తగా బడిలో చేరిన నాలుగేళ్ల పాపకు మాత్రం తడుతుంది. "ఇదేం రంగు?" అని టీచరు అడిగితే, ఈవిడకు ఆమాత్రం తెలియదా అన్నట్టు చూస్తుంది. నెల తిరిగేసరికి ఆ పాపా సర్దుకుపోతుంది. ఈ సర్దుకుపోవడంలో ఏం పోతోందన్నదే నా ప్రశ్న.

బార్బరా టిజార్డ్, మార్టిన్ హ్యూస్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు నాలుగేళ్ల ఆడపిల్లలు 30 మందిని తీసుకుని, ఇంట్లోనూ నర్సరీ బడిలోనూ వాళ్లు మాట్లాడిన మాటలన్నీ రికార్డు చేశారు. ఫలితాలు 1984లో వచ్చాయి. ఇంట్లో ఆ పిల్లలు గంటకు సగటున 26 ప్రశ్నలు అడిగారు. బడిలో 2. అదే పిల్లలు, అదే వయసు, అదే నోరు. ఇంట్లో ఒక పిల్లకు ఒక అమ్మ ఉంటుంది, బడిలో అందరికీ కలిపి ఒక్క టీచరే కదా అంటారా? నిజమే, కొంత తేడా అక్కడే వస్తుంది. కానీ తగ్గింది లెక్క ఒక్కటే కాదు. చెప్పిన జవాబు నచ్చక, "అయితే మరి అదెందుకు?" అని మళ్లీ మళ్లీ తవ్వే ప్రశ్నలు కూడా ఇంట్లోనే ఎక్కువగా వినిపించాయి.

పై తరగతులకు వెళ్లేకొద్దీ ఇది ఇంకా పలచబడుతుంది. అమెరికాలో సూసన్ ఎంగెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త క్లాసుల్లో కూర్చుని, పిల్లల్లో కుతూహలం బయటపడిన ప్రతి సందర్భాన్నీ లెక్కపెట్టారు: ప్రశ్న అడగడం, వస్తువు దగ్గరకు వెళ్లి పరీక్షగా చూడడం, తిప్పి చూడడం లాంటివి. కిండర్‌గార్టెన్‌లో రెండు గంటలకు రెండుసార్లకు పైగా కనిపించింది. అయిదో తరగతిలో రెండు గంటలకు ఒక్కసారైనా కనిపించలేదు.

అందుకని, "పిల్లల్లో ఉత్సాహం నింపడం ఎలా?" అనే ప్రశ్నే నాకు సరిగ్గా అనిపించదు. నింపాల్సిన పని లేదు. సంచీతోపాటు వాళ్లే తెచ్చుకుంటున్నారు. అది ఎక్కడ జారిపోతోందో వెతకాలి. వెతికినవాళ్లకు దొరికిన చోట్లు చాలా చిన్నవి. కొన్నయితే సెకన్లలో కొలవాల్సినంత చిన్నవి.

సెకన్లు అని ఊరికే అనలేదు. 1970ల్లో మేరీ బడ్ రో అనే సైన్సు విద్యావేత్త ఎన్నో క్లాసుల టేపులు విని ఒక సంగతి పట్టుకున్నారు. టీచరు ప్రశ్న వేసి జవాబు కోసం ఎంతసేపు ఆగుతారు? సగటున ఒక్క సెకను. ఆలోగా ఎవరూ నోరు విప్పకపోతే ప్రశ్నను మళ్లీ చదవడమో, ఇంకొకరిని లేపడమో, తామే జవాబు చెప్పేయడమో జరుగుతోంది. పిల్లవాడు జవాబు చెప్పాక కూడా అంతే. వాడి నోటి మాట గాలిలో ఉండగానే "గుడ్, తర్వాత!"

ఒక్క సెకనులో ఏం వస్తుంది? గుర్తున్నది వస్తుంది. ఆలోచించినది రాదు. అంటే ఎవరూ కావాలని అనుకోకుండానే, ఆ క్లాసు జ్ఞాపకశక్తి పోటీగా మారిపోయింది. ఆ ఆగే సమయాన్ని మూడు సెకన్లకు పెంచమని రో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. జవాబులు పొడవయ్యాయి. "తెలీదు" అనేవాళ్లు తగ్గారు. ఎప్పుడూ మాట్లాడని పిల్లలు మాట్లాడారు. పిల్లలు తమంతట తాము ప్రశ్నలు అడగడం పెరిగింది. టీచర్లు వేసే ప్రశ్నలు కూడా మారాయి. సంఖ్య తగ్గి లోతు పెరిగింది. పైసా ఖర్చు లేదు, సిలబస్ మార్చక్కర్లేదు. అయినా సులువు మాత్రం కాదు. నలుగురిలో మాట్లాడుతూ మధ్యలో ఆగి, మనసులో మూడు లెక్కపెట్టి చూడండి. ఆ నిశ్శబ్దం ఎంత టెన్షన్ పెడుతుందో అప్పుడు తెలుస్తుంది.

ఇక్కడ మీకో ప్రశ్న. గ్లాసులో నీళ్లున్నాయి, పైన ఐసుముక్క తేలుతోంది. నీటిమట్టం ఎక్కడుందో గ్లాసు మీద పెన్నుతో గీత గీశారు. ఐసు పూర్తిగా కరిగాక నీళ్లు గీతకు పైకి వస్తాయా, కిందికి దిగుతాయా, అక్కడే ఉంటాయా? ఏదో ఒకటి మనసులో గట్టిగా అనుకోండి. సంగతి చివర్లో చూద్దాం.

ఇప్పుడు మీ మెదడు ఉన్న స్థితి మీద ఒక పరిశోధన ఉంది. 2014లో మథియాస్ గ్రూబర్, ఆయన సహచరులు కొందరిని ఎంఆర్ఐ స్కానర్‌లో పడుకోబెట్టి క్విజ్ ప్రశ్నలు చూపించారు. జవాబు వెంటనే చూపలేదు, 14 సెకన్లు ఆపారు. ఆ మధ్యలో, ప్రశ్నతో ఏ సంబంధమూ లేని ఒక కొత్త మనిషి ముఖం చూపించారు. తర్వాత చెప్పకుండా పరీక్ష పెడితే, బాగా కుతూహలం కలిగించిన ప్రశ్నల జవాబులు ఎక్కువగా గుర్తున్నాయి. అది ఎవరైనా ఊహించేదే. ఊహించనిది ఏమిటంటే, ఆ కుతూహలంలో ఉండగా చూసిన ముఖాలు కూడా కాస్త ఎక్కువగా గుర్తున్నాయి. తేడా చిన్నదే, కానీ ఉంది. డోపమైన్ అనే రసాయనంతో పనిచేసే మెదడు భాగాలు, జ్ఞాపకాలను భద్రపరిచే హిప్పోక్యాంపస్ ఆ ఎదురుచూపులో చురుగ్గా కనిపించాయి. తెలుసుకోవాలన్న తహతహ ఒక తలుపు తెరిస్తే, పక్కనున్నవి కూడా లోపలికి వస్తాయన్నమాట. మన పాఠాల్లో చాలావాటికి ఆ తలుపు తెరుచుకునే వ్యవధే ఉండదు. సూత్రం ముందు వస్తుంది, అది ఏ ప్రశ్నకు జవాబో తర్వాతెప్పుడో వస్తుంది, ఒక్కోసారి రానే రాదు.

బోధన వల్ల కుతూహలం ఎలా ముడుచుకుంటుందో చూపిన ప్రయోగాల్లో నాకు బాగా నచ్చింది 2011లో ఎలిజబెత్ బోనవిట్జ్ బృందం చేసినది. రంగురంగుల గొట్టాలతో ఒక బొమ్మ తయారుచేశారు. అందులో నాలుగు విశేషాలు దాచారు. ఒక గొట్టం లాగితే కీచుమంటుంది, ఒకచోట నొక్కితే దీపం వెలుగుతుంది, ఒకచోట సంగీతం వస్తుంది, ఒక గొట్టంలోకి చూస్తే అద్దంలో మన మొహమే తిరగబడి కనిపిస్తుంది. కొందరు పిల్లలకు పెద్దవాళ్లు పాఠంలా చెప్పారు: "ఇది నా బొమ్మ, ఎలా పనిచేస్తుందో చూపిస్తాను చూడు." గొట్టం లాగారు, కీచుమంది. ఇంకొందరి ముందు, అనుకోకుండా చేయి తగిలినట్టు లాగి "అరె, ఇదేంటి!" అన్నారు. తర్వాత బొమ్మ పిల్లల చేతికిచ్చి పక్కకు తప్పుకున్నారు.

పాఠం విన్న పిల్లలు కీచు గొట్టాన్నే లాగుతూ ఉండి, తొందరగా బొమ్మ పక్కన పెట్టేశారు. మిగతా విశేషాలు వాళ్లకు తక్కువగా దొరికాయి. "అరె" విన్నవాళ్లు ఎక్కువసేపు ఆడారు, ఎక్కువ కనిపెట్టారు. పాఠం విన్నవాళ్లు మొద్దులని కాదు. నిజానికి వాళ్ల తర్కం ముచ్చటేస్తుంది: బొమ్మ ఆవిడది, ఆవిడకు అంతా తెలుసు, ఇంకేమైనా ఉంటే చూపించి ఉండేదిగా! టీచరు మీద నమ్మకమే వెతుకులాటను ఆపేసింది. బోధన రెండువైపులా పదునున్న కత్తి. చెప్పినది త్వరగా పట్టుబడుతుంది, చెప్పనిది లేనట్టే అయిపోతుంది. ఇంకో గుంపు కూడా ఉంది. వాళ్లకూ పాఠంలాగే మొదలుపెట్టి, గొట్టం లాగగానే ఏదో పని గుర్తొచ్చినట్టు సగంలో వెళ్లిపోయారు. ఆ పిల్లలు మళ్లీ బాగానే వెతికారు. పాఠం ఇంకా అయిపోలేదని వాళ్లకు తెలుసు మరి.

బహుమతుల సంగతి ఇంకా గజిబిజి. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ ఒక నర్సరీ బడిలో, స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే ఇష్టపడే పిల్లల్నే ఎంచుకున్నారు. కొందరితో "బొమ్మ వేస్తే రిబ్బనున్న సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా, వేశాక ఇచ్చారు. మిగతావాళ్లకు ఏమీ లేదు. ఒకటి రెండు వారాల తర్వాత పెన్నులు మామూలుగా బల్ల మీద పెట్టి, ఎవరు ఎంతసేపు వాటితో ఆడుకుంటారో చాటుగా చూశారు. ముందే ఒప్పందం కుదుర్చుకున్న పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సేపే ఆడారు. ఆట కాస్తా పని అయిపోయింది. కూలీ లేని రోజు పనెందుకు? చెప్పకుండా సర్టిఫికెట్ అందుకున్నవాళ్లకు మాత్రం ఏమీ కాలేదు. అంటే దెబ్బ కొట్టింది బహుమతి కాదు, బేరం.

దీని మీద మనస్తత్వ శాస్త్రవేత్తలు దశాబ్దాలు కొట్లాడుకున్నారు. 1999లో ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ కోస్ట్నర్, రిచర్డ్ ర్యాన్ 128 అధ్యయనాలను కలిపి చూసి, ఇష్టంగా చేసే పనికి ముందే బేరం పెడితే ఇష్టం తగ్గుతుందనే తేల్చారు. మనస్ఫూర్తిగా చెప్పే మంచి మాట మాత్రం ఆసక్తిని పెంచుతుంది. అసలే ఇష్టం లేని పనికైతే ఈ నష్టం వర్తించదు, పోవడానికక్కడ ఏమీ ఉండదు కనక. కాబట్టి ఎక్కాలకు చాక్లెట్ ఇచ్చినందుకు ఏ టీచరూ బాధపడక్కర్లేదు. తనంతట తనే కథలు రాసుకునే పిల్లకు "నెలకు ఇన్ని రాస్తే ఇంత" అనేముందు ఆలోచించాలి.

మార్కులదీ ఇదే కథ. 1988లో రూత్ బట్లర్ అయిదు, ఆరు తరగతుల పిల్లలకు కొన్ని పనులు ఇచ్చి, కొందరికి మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్య మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చారు. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లలో ఆసక్తి నిలిచింది, పనీ మెరుగైంది. రెండూ అందుకున్నవాళ్ల పరిస్థితి మార్కులు మాత్రమే అందుకున్నవాళ్లలాగే ఉంది. జవాబు పత్రం ఎప్పుడైనా చేతికందిన వాళ్లకు కారణం విడమరచి చెప్పక్కర్లేదు. ముందు అంకె, తర్వాత పక్కవాడి అంకె. ఎర్ర సిరాతో రాసిన రెండు వాక్యాలు ఎవరు చదివారు! రాత్రి కూర్చుని అవి రాసిన టీచరును తలుచుకుంటే నాకు జాలేస్తుంది.

ఇంతవరకూ చదివి, అయితే పిల్లల్ని వాళ్ల మానాన వదిలేస్తే సరి అనుకుంటే అది ఇంకో పొరపాటు. చదరంగం మీద 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ చేసిన ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. నిజమైన ఆటలోంచి తీసిన బోర్డును 5 సెకన్లు చూపించి దాచేస్తే, గొప్ప ఆటగాడు చాలా పావుల్ని సరైన గళ్లలో తిరిగి పెట్టాడు, కొత్తగా నేర్చుకునేవాడు నాలుగైదు పెట్టాడు. పావుల్ని అడ్డదిడ్డంగా పేర్చి చూపిస్తే ఆ తేడా దాదాపు మాయమైంది. గొప్ప ఆటగాడి దగ్గర ఉన్నది మామూలు జ్ఞాపకశక్తికి మించిన శక్తేమీ కాదు, ఏళ్ల తరబడి పోగేసుకున్న అమరికలు. కొత్త ఎత్తు తట్టాలన్నా అవే కావాలి. సృజన అంటే తెలిసిన వాటిని ఎవరూ కలపని విధంగా కలపడమైతే, ముందు తెలిసినవి ఉండాలి కదా. బట్టీ పట్టడాన్ని తిట్టే ఊపులో అసలు నేర్చుకోవడాన్నే తిట్టేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు.

చెప్పాలా, వదిలేయాలా అన్న వాదన కంటే నాకు ఏది ముందు, ఏది తర్వాత అన్నదే అసలు సంగతిగా కనిపిస్తుంది. సింగపూర్ బడుల్లో మను కపూర్ చేసిన ప్రయోగాలు అదే చూపించాయి. తొమ్మిదో తరగతి పిల్లలకు ముగ్గురు ఫుట్‌బాల్ ఆటగాళ్లు 20 ఏళ్లలో వేసిన గోల్స్ పట్టిక ఇచ్చి, "ఎవరి ఆట అందరికంటే నిలకడగా ఉంది? కొలవడానికి మీరే ఒక పద్ధతి కనిపెట్టండి" అన్నారు. అంకెలు సగటుకు ఎంత దూరంగా చెదిరి ఉన్నాయో కొలిచే ప్రామాణిక విచలనం (స్టాండర్డ్ డీవియేషన్) అనే మాట అప్పటికి వాళ్లు వినలేదు. ఒకరు గ్రాఫు గీశారు. ఒకరు ఎక్కువలోంచి తక్కువ తీసేశారు. ఒకరు ఏటికేడు తేడాలు కూడితే, హెచ్చులూ తగ్గులూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. ఎవరూ అసలు సూత్రానికి చేరలేదు. అప్పుడు టీచరు వచ్చి, పిల్లల పద్ధతుల్ని పక్కపక్కన పెట్టి పోలుస్తూ సూత్రం చెప్పారు. తేడాలు కొట్టేసుకుపోవడం కళ్లారా చూసిన పిల్లకు, వాటిని వర్గం ఎందుకు చేస్తారో ఇక వేరే చెప్పాలా? ముందే పాఠం విన్న పిల్లలతో పోలిస్తే లెక్క చేయడంలో వీళ్లు వెనకబడలేదు. అర్థం చేసుకోవడంలో, కొత్త లెక్కలకు వాడడంలో ముందున్నారు. పిల్లలు తంటాలు పడ్డాక టీచరు వచ్చి చెప్పకపోతే మాత్రం ఈ ఫలితం రాదు.

ఇంతకీ ఐసు సంగతి. గ్లాసు, నీళ్లు, ఐసు ఎలాగూ దగ్గర్లోనే దొరుకుతాయి. గీత గీసి, కరిగేదాకా ఆగండి. తర్వాత ఇంకో గ్లాసులో ఉప్పు ఇక కరగనంతగా కలిపి, ఐసు కాస్త ఎక్కువే వేసి, అదే గీత మళ్లీ గీయండి. రెండు గ్లాసులూ ఒకేలా ప్రవర్తించవు.