డొమైన్ ఎవరి పేరు మీద ఉందో చూశారా? కొన్ని అపోహలు - వాస్తవాలు

వెబ్‌సైట్లు చేసి పెట్టడం నా పని. కొత్త సైట్ అనగానే డొమైన్ దగ్గరే, అంటే బ్రౌజర్‌లో కొట్టే సైట్ పేరు దగ్గరే, వారం పది రోజులు తలపట్టుకుని కూర్చుంటారు. రిజిస్ట్రేషన్ ఫారం మాత్రం ఎవరి మెయిల్ ఐడీ గుర్తుకొస్తే అది కొట్టి రెండు నిమిషాల్లో ముగించేస్తారు. తర్వాత నా దాకా వచ్చే తలనొప్పుల్లో చాలావరకు ఆ రెండు నిమిషాల్లో పుట్టినవే.

అపోహ: డబ్బు కట్టాం, ఇక డొమైన్ మన సొంతం.

వాస్తవం: డొమైన్‌ను ఎవరూ కొనరు, అద్దెకు తీసుకుంటారు. డాట్ కామ్‌కి ఒకేసారి గరిష్ఠంగా 10 ఏళ్లకు కట్టొచ్చు, అంతే. కాబట్టి ఆ అద్దె ఎవరి పేరు మీద నడుస్తోందన్నదే అసలు ప్రశ్న. ఒకాయన సైట్ ఓ రోజు పొద్దున తెరుచుకోలేదు. లాగిన్ అడిగితే "సైట్ చేసిన అబ్బాయి దగ్గరుందండీ" అన్నారు. ఆ అబ్బాయి తన మెయిల్‌తోనే, తన పేరు మీదే రిజిస్టర్ చేశాడు. మోసం ఏమీ లేదు, తొందర. తర్వాత వేరే పనిలోకి వెళ్లి ఆ మెయిల్ తెరవడమే మానేశాడు. రెన్యూవల్ రిమైండర్లన్నీ అందులోనే పడి ఉన్నాయి. అతన్ని వెతికి పట్టుకునేసరికి మూడు రోజులు పట్టింది.

ఎవరితో చేయించుకున్నా సరే, ఖాతా మీది, మెయిల్ మీది అయి ఉండాలి. ఆ మెయిల్ కూడా అదే డొమైన్ మీద ఉండేది కాకూడదు. డొమైన్ ఆగితే మెయిలూ ఆగుతుంది, పాస్‌వర్డ్ మార్చుకునే లింక్ కూడా మీకు రాదు. తాళంచెవి ఇంట్లోనే ఉంచి తాళం వేసుకున్నట్టు ఉంటుంది పరిస్థితి. డాట్ కామ్ లాంటి వాటికి ఇంకోటి ఉంది: రిజిస్టర్ చేశాక మెయిల్ నిర్ధారించమని ఒక లింక్ వస్తుంది. 15 రోజుల్లో నొక్కకపోతే డొమైన్‌ను నిలిపేసే అవకాశం ఉంది. స్పామ్ ఫోల్డర్ కూడా చూసుకోండి.

అపోహ: గడువు దాటినా ఏం కాదు, తీరిగ్గా కట్టుకోవచ్చు.

వాస్తవం: కొన్నాళ్లు నిజమే. డాట్ కామ్‌లో గడువు దాటాక రిజిస్ట్రార్‌ని (డొమైన్ రిజిస్టర్ చేసే కంపెనీని) బట్టి 45 రోజుల వరకు మామూలు ధరకే రెన్యూవల్ చేయనిస్తారు. కొందరు అంతకాలం ఇవ్వరు, మధ్యలోనే వేలానికి పెడతారు. ఆ తర్వాత 30 రోజులు రిడెంప్షన్, అంటే విడిపించుకునే గడువు, అప్పుడు వెనక్కి తెచ్చుకోవాలంటే రెన్యూవల్ కంటే ఎన్నో రెట్లు కట్టాలి. డొమైన్‌ను తొలగించే ముందు చివరి 5 రోజులు మీ చేతుల్లో ఏమీ ఉండదు. ఆటో రెన్యూ పెట్టుకున్నా, కార్డు గడువు తీరిపోతే అదీ పనిచేయదు.

అపోహ: పేరులో కీవర్డ్‌లు (జనం గూగుల్‌లో వెతికే పదాలు), మధ్యలో హైఫన్లు పెడితే గూగుల్‌లో పైకి వస్తాం.

వాస్తవం: సరుకు లేకుండా కీవర్డ్ పేరుతోనే పైకొచ్చే సైట్లను గూగుల్ 2012లోనే కిందికి దించింది. నేను పెట్టే పరీక్ష ఒక్కటే: ఆ పేరును ఫోన్‌లో ఒకరికి చెప్పి టైప్ చేయమనండి. మన పేర్లతో ఇదే చిక్కు. 'శ్రీ' ఒక్కదాన్నే ఎస్ ఆర్ ఐ అని, ఎస్ ఆర్ డబుల్ ఈ అని, ఎస్ హెచ్ ఆర్ ఐ అని, ఎస్ హెచ్ ఆర్ డబుల్ ఈ అని నాలుగు రకాలుగా కొడతారు. 'లక్ష్మి'లో ఎక్స్ ఉందా, కే ఎస్ హెచ్ ఉందా? అలాంటి పేరే కావాలంటే రెండో స్పెల్లింగ్ కూడా తీసుకుని మొదటిదానికి మళ్లించండి.

అపోహ: డాట్ కామ్ కాకపోతే దండగ.

వాస్తవం: డాట్ కామ్ అని గూగుల్ ప్రత్యేకంగా ఏమీ చూడదు. మనుషులే అలవాటుగా డాట్ కామ్ కొట్టేస్తారు. అదే పేరు డాట్ కామ్‌తో మీ రంగంలోనే ఇంకెవరో నడుపుతుంటే, మీకు రావాల్సిన మెయిళ్లు వాళ్లకు పోతాయి. అప్పుడు పేరే మార్చుకోమంటాను. రెండక్షరాల ఎక్స్‌టెన్షన్లు (పేరు చివర డాట్ తర్వాత వచ్చేవి) మాత్రం దేశాలవీ, ప్రాంతాలవీ. డాట్ ఏఐ అంగ్విల్లాది, డాట్ టీవీ తువాలుది. ధరలూ నిబంధనలూ అక్కడివే వర్తిస్తాయి.

అపోహ: ఖాళీగా ఉందంటే నిక్షేపంగా వాడుకోవచ్చు.

వాస్తవం: ఖాళీ అంటే ఇంకెవరూ రిజిస్టర్ చేయలేదని మాత్రమే. ఒకరి ట్రేడ్‌మార్క్‌ను దురుద్దేశంతో వాడుకున్నారని తేలితే డొమైన్ పోతుంది, 1999 నుంచీ డొమైన్ పేర్ల వ్యవస్థను చూసుకునే సంస్థ ఐకాన్‌కి దీనికో వివాద పరిష్కార విధానం ఉంది. ఆ పేరు గతంలో ఎవరి దగ్గరుందో కూడా పాత వెబ్‌పేజీలను భద్రపరిచే వేబ్యాక్ మెషీన్ సైట్‌లో చూడండి. ఇంతకుముందు జూదం సైటో, స్పామ్ సైటో నడిచి ఉంటే ఆ మచ్చ మీకు తగులుకుంటుంది.

అపోహ: మొదటి ఏడాది ఇంత చవకా, భలే!

వాస్తవం: రెండో ఏడాది ధర చూడండి.

అపోహ: రెన్యూవల్ నోటీసు వచ్చిందంటే కట్టాల్సిందే.

వాస్తవం: సంబంధం లేని కంపెనీలు కూడా బిల్లులాంటి కాగితాలు పంపుతాయి. ఐకాన్ లుకప్ పేజీలో మీ డొమైన్ కొడితే రిజిస్ట్రార్ ఎవరో, గడువు ఎప్పుడో కనిపిస్తుంది. మీరు రీసెల్లర్ (రిజిస్ట్రార్ తరఫున అమ్మే మధ్యవర్తి) దగ్గర తీసుకుని ఉంటే అక్కడ వేరే పేరు ఉంటుంది, టెన్షన్ పడకండి. నోటీసులోని కంపెనీ ఈ ఇద్దరిలో ఎవరూ కాకపోతే ఆ కాగితం చింపేయండి.