తోకచుక్క కేంద్రకం వెలుగును ఎలా కొలుస్తారు?

విశాఖపట్నం

చిన్నారులకు ఆశీస్సులు.

డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్‌ని చూసే ఉంటారు. గాలి తేటగా ఉంటే దూరానికి అదొక చుక్క. సముద్రపు తేమ కమ్మితే చుట్టూ వెలుగు అలుముకుని, దీపం ఎంతో తెర ఎంతో తేలదు. తోకచుక్కతో చిక్కూ అదే. కేంద్రకం కొన్ని కిలోమీటర్ల మంచు, దుమ్ము ముద్ద. ఎండ తగిలితే దాన్నుంచి ఆవిరి, దుమ్ము ఎగసి కోమా అనే తెర కడతాయి. అందుకే కొన్నేళ్లకోసారి తిరిగొచ్చే తోకచుక్కల్ని సూర్యుడికి దూరంగా, తెర పలచబడ్డాక కొలుస్తారు. అప్పుడవి ఎంత మసకంటే, మన పోర్టు దీపాల మధ్య చిన్న టెలిస్కోపుకి దొరకవు. లడఖ్‌లోని హాన్లేలో ఉన్న 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు లాంటిది కావాలి.

దూరంగా ఉంది కదా అని తెర లేదనుకోకూడదు, పరీక్షించాలి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. ఫొటోలో తోకచుక్క మీద ఒక వృత్తం గీసి లోపలి వెలుగు కూడండి. వ్యాసార్ధం రెట్టింపు చేసి మళ్లీ కూడండి. ఉత్త కేంద్రకమైతే నక్షత్రంలాగే కాస్త పెరిగి ఆగిపోతుంది. కోమా ఉంటే వెలుగు కూడా దాదాపు రెట్టింపవుతుంది, అంటే 0.75 మాగ్నిట్యూడ్ తేడా. మాగ్నిట్యూడ్ అంటే వెలుగుని చెప్పే అంకె, మసక పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. ఆకాశపు వెలుగు తీసేయడానికి చుట్టూ గీసే వలయం కోమాలో పడిందా, అసలు వెలుగులోంచి కూడా కోత పడుతుంది. వలయం బాగా బయటికి జరపాలి.

ఎరుపు ఫిల్టర్ వాడితే కోమా వాయువుల నీలి, ఆకుపచ్చ వెలుగు చాలావరకు ఆగుతుంది. తోకచుక్క గంటకు 25 ఆర్క్‌సెకన్లు (ఒక ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) జరుగుతుంటే 5 నిమిషాల ఫొటోలో 2 ఆర్క్‌సెకన్లు సాగిపోతుంది. 2 నిమిషాల ఫొటోలు చాలా తీసి, దాని నడక ప్రకారం జరిపి కలపాలి. అప్పుడు నక్షత్రాలు గీతలవుతాయి కనుక, పోలిక నక్షత్రాల (వెలుగు ముందే తెలిసినవి) కోసం అవే ఫొటోల్ని జరపకుండా మరోసారి కలపాలి.

ఇక లెక్క. ఎరుపు ఫిల్టర్‌లో తోకచుక్క మాగ్నిట్యూడ్ 21.4 వచ్చిందనుకోండి. మామూలు దృశ్య వర్ణానికి మార్చడానికి సుమారు 0.5 కలిపితే 21.9. భూమి–సూర్యుల దూరం 1 అనుకుంటే, తోకచుక్క సూర్యుడికి 4, మనకు 3.2 దూరంలో ఉంది. రెండూ గుణిస్తే 12.8. దాని లాగరిథమ్‌కి (10 ఆధారంగా) 5 రెట్లు, అంటే 5.5 తీసేయండి. తోకచుక్క దగ్గర సూర్యుడికీ భూమికీ మధ్య కోణం 10 డిగ్రీలు, డిగ్రీకి 0.04 చొప్పున 0.4 కూడా తీసేస్తే 16.0. అంటే సూర్యుడికీ మనకీ దూరం 1 చొప్పున, కోణం సున్నా అయితే కనిపించే మాగ్నిట్యూడ్ ఇది. కేంద్రకం మీద పడ్డ వెలుగులో 4 శాతమే వెనక్కి వస్తుందనుకుంటే దీనికి వ్యాసం దాదాపు 4.2 కిలోమీటర్లు. 1986లో జొట్టో అనే అంతరిక్ష నౌక హేలీ కేంద్రకాన్ని అంత నల్లగానే చూసింది. 16 శాతం అనుకుంటే వ్యాసం సగమైపోతుంది, కనుక ఏ శాతం తీసుకున్నారో పక్కనే రాయండి.

ఒక్క రాత్రి కొలత చాలదు. కేంద్రకం బంగాళాదుంపలా ఉండి గిర్రున తిరుగుతుంది. పొడవు వెడల్పుకి రెట్టింపైతే, తిరిగేటప్పుడు వెలుగు 0.75 మాగ్నిట్యూడ్ దాకా పెరిగి తగ్గుతుంది. గంటల తరబడి వరసగా కొలవాలి.

ముందు ఏదైనా నక్షత్రం ఫొటో తీసుకుని 3, 6, 12 పిక్సెళ్ల వృత్తాలతో కొలిచి, అంకెలు నాకు రాసి పంపండి.

మీ తాతయ్య