జాయిన్ అయితే ఒప్పుకున్నట్టేనా? టీచర్ల సర్‌ప్లస్ బదిలీలపై అపోహలు - వాస్తవాలు

బదిలీల సీజన్ మొదలైతే నా ఫోన్ రాత్రి పదకొండు దాకా మోగుతూనే ఉంటుంది. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, మందస, మెళియాపుట్టి, పాతపట్నం, ఇలా ఒడిశా అంచున ఉన్న మండలాల టీచర్లే ఎక్కువ. హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్‌గా పనిచేస్తూ, టీచర్ల సంఘం తరఫున ఏళ్ల తరబడి ఈ ఫైళ్లు చూస్తున్నాను కాబట్టి అడుగుతారు. అడిగేది దాదాపు ఒకటే: "మాస్టారూ, నన్ను సర్‌ప్లస్‌లో చూపించారు. ఆ స్కూలుకి నేను వెళ్లలేను. జాయిన్ అవ్వకుండా ఆగితే మంచిదంటున్నారు, నిజమేనా?" ఎవరన్నారు అంటే వాట్సాప్ గ్రూపులో వచ్చిందంటారు. సర్‌ప్లస్ అంటే బడిలో ఉన్న పిల్లల సంఖ్యకు మించిన టీచర్ పోస్టు; అలా తేలితే సాధారణంగా సర్వీసులో జూనియర్‌ని వేరే స్కూలుకి పంపుతారు. అందుకే ముందు దీని సంగతి చూసి, మిగతావి తర్వాత చెబుతాను.

అపోహ: "జాయిన్ అయితే ఒప్పుకున్నట్టే. ఇక అప్పీలుకి గానీ కోర్టుకి గానీ వెళ్లే హక్కు ఉండదు."

వాస్తవం: హక్కు ఎక్కడికీ పోదు. జాయిన్ అవ్వకపోతేనే చాలా పోతాయి. 1989లో గుజరాత్ ఎలక్ట్రిసిటీ బోర్డు వర్సెస్ ఆత్మారామ్ పోషాని కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చేసింది. బదిలీ వల్ల ఇబ్బంది ఉంటే పై అధికారికి అర్జీ పెట్టుకోవచ్చు. కానీ ఆ ఉత్తర్వుపై స్టే రాకుండా, దాన్ని సవరించకుండా, రద్దు చేయకుండా ఉన్నంతకాలం వెళ్లి చేరాల్సిందే. 'అర్జీ పెట్టాను కదా' అన్నది చేరకపోవడానికి కారణం కాదు. ఆ కేసులో ఉద్యోగి చేరకుండా కూర్చున్నాడు, చివరికి ఉద్యోగమే పోయింది, సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మన ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి మించి అనుమతి లేకుండా గైర్హాజరైతే రాజీనామా చేసినట్టు భావించే నిబంధన ఉంది. అంతదాకా ఎవరూ వెళ్లరనుకుందాం. రెండు నెలలు ఆగినా జీతం ఉండదు, ఆ రోజులు సర్వీసులో ఎలా చూపిస్తారో తెలియదు, ఇంక్రిమెంటు తేదీ జరిగిపోవచ్చు. ఇవన్నీ సర్దుకునేసరికి అసలు అభ్యంతరం ఎవరికీ గుర్తుండదు.

మెడికల్ లీవ్ పెట్టేస్తే సరి అనేవాళ్లు ఇంకొందరు. సెలవు హక్కు కాదని ఫండమెంటల్ రూల్ 67 సూటిగానే చెబుతుంది. నిజంగా ఒంట్లో బాగోకపోతే తప్పకుండా పెట్టండి. బదిలీ తప్పించుకోవడానికి పెడితే మాత్రం మెడికల్ బోర్డుకి పంపవచ్చు, నామంజూరు చేయవచ్చు.

ఒక మేడమ్ సంగతి చెబుతాను. భర్త ఉద్యోగం బరంపురంలో, పిల్లల చదువూ అక్కడే. ఇచ్ఛాపురం దగ్గర స్కూలు కాబట్టి ఏదోలా నెట్టుకొస్తున్నారు. సర్‌ప్లస్‌లో పేరొచ్చి మహేంద్రగిరి వైపు కొండ కింద ఊరికి వేశారు. ఎవరో చెప్పారని జాయిన్ అవ్వలేదు. పాత స్కూల్లో రిలీవ్ చేసేశారు, కొత్త స్కూల్లో చేరలేదు, అంటే జీతం బిల్లు పెట్టే డీడీఓ ఎవరూ లేరు. మా ఇంటికి వచ్చినప్పుడు ప్లాస్టిక్ కవర్లోంచి కాగితాలు తీస్తుంటే ఆమె చేతులు వణుకుతున్నాయి. నేను సీనియారిటీ జాబితా, ఎస్సార్ (సర్వీసు రిజిస్టర్) పక్కపక్కన పెట్టి చూశాను. జాబితాలో ఆమె కేడర్‌లో, అంటే ఆ స్థాయి పోస్టులో, చేరిన తేదీ తప్పు పడింది. సరైన తేదీ వేసి ఉంటే ఆ స్కూల్లో జూనియర్ ఆమె కాదు, ఇంకొకరు! అభ్యంతరాలకు ఇచ్చిన గడువు రోజుల్లో ఆమె భయంతో జాబితా తెరిచి చూడనే లేదు. ఆమెను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు, ఇల్లు చెదిరిపోతుందన్న టెన్షన్‌లో ఉన్న మనిషికి తేదీలు ఎక్కడ కనిపిస్తాయి? కానీ అంత బలమైన పాయింటు చేతిలో ఉండి కూడా, అప్పీలు విచారణలో అధికారి అడిగిన మొదటి ప్రశ్న తేదీ గురించి కాదు. "ఇన్నాళ్లు ఎందుకు చేరలేదు?" అని. చివరికి చేరారు. ఆ గైర్హాజరు రోజుల్ని తనకు అర్హత ఉన్న సెలవుగా మార్పించుకోవడానికి పడ్డ పాట్లు అసలు బదిలీ కంటే ఎక్కువ. తర్వాతి బదిలీల కౌన్సెలింగ్‌లో ఆ ఊరి నుంచి బయటపడగలిగారు.

మరి ఏం చేయాలి? ఇచ్చిన తేదీకి వెళ్లి చేరండి. జాయినింగ్ రిపోర్టులో ఈ మాటలు రాయండి: "పై ఉత్తర్వుపై నా అభ్యంతరాన్ని ఫలానా తేదీన డీఈఓ గారికి సమర్పించాను. అది పరిష్కారం కావలసి ఉంది. దానిపై వచ్చే తుది నిర్ణయానికి లోబడి ఈ రోజు ఉదయం విధుల్లో చేరుతున్నాను." రెండు కాపీలు తీసి, ఒకదాని మీద హెచ్ఎం గారి సంతకం, స్టాంపు వేయించుకోండి. అభ్యంతరం మీద ఇన్‌వర్డ్ నంబరు, అంటే ఆఫీసులో కాగితం అందినట్టు వేసే నంబరు, లేకపోతే అది ఇచ్చినట్టు రుజువు లేదు. నోటిమాటగా "చూస్తాంలే" అంటే నమ్మి రావొద్దు.

కోర్టు గురించి ఒక మాట. 1991లో శిల్పీ బోస్ కేసు వచ్చింది. అది కూడా ప్రాథమిక పాఠశాల టీచర్లదే, బిహార్‌లోది. తప్పనిసరి చట్ట నిబంధనను ఉల్లంఘిస్తేనో, దురుద్దేశం ఉంటేనో తప్ప బదిలీల్లో కోర్టులు జోక్యం చేసుకోకూడదని సుప్రీంకోర్టు అప్పుడు చెప్పింది. చట్టం కాని మార్గదర్శకాలు మీరారన్న వాదన అందుకే పెద్దగా నిలిచేది కాదు. 2025లో మన రాష్ట్రంలో టీచర్ల బదిలీలకు చట్టమే వచ్చింది కాబట్టి, నిబంధన దాటారని రుజువు చేయగలిగితే మునుపటికంటే బలం ఎక్కువ. ఆ బలం కూడా చేరినవాళ్లకే అక్కరకొస్తుంది.

అపోహ: "ఆప్షన్లు (కోరుకునే స్కూళ్ల వరుస) పెట్టకపోతే ఉన్నచోటే ఉంచుతారు."

వాస్తవం: ఇది రెండో ప్రమాదం. తప్పనిసరిగా కదలాల్సినవాళ్లు, అంటే ఒకేచోట ఎనిమిది విద్యాసంవత్సరాలు నిండిన టీచర్లు, ఐదు నిండిన హెచ్ఎంలు, సర్‌ప్లస్ వచ్చినవాళ్లు, ఆప్షన్లు పెట్టకపోతే అందరూ ఎంచుకోగా మిగిలిన ఖాళీకి వెళ్తారు. మిగిలేవి ఏవో మీకు తెలుసు, మూడు, నాలుగు కేటగిరీలవి, అంటే పట్టణాలకు, రోడ్డుకు దూరంగా ఉన్నవి. బస్సు వెళ్లని ఊళ్లు. నచ్చనివైనా సరే, వెళ్లగలిగినవన్నీ వరుసగా పెట్టండి. నాలుగు పెట్టి ఊరుకోవద్దు.

అపోహ: "సర్‌ప్లస్ అంటే మన పని బాగోలేదని."

వాస్తవం: కాదు, కాదు, కాదు. అది ఫలానా తేదీకి రోల్‌లో ఎంతమంది పిల్లలున్నారన్న లెక్క, అంతే. ఉద్దానం నుంచి, తీరం నుంచి జనం హైదరాబాద్, చెన్నై, గుజరాత్ హార్బర్లకు వలస పోతుంటే బడిలో పిల్లలు ఎలా మిగులుతారు? 2022లో 117 జీవోతో 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్లకు తరలించారు, 2025లో దాన్ని పక్కనపెట్టి మోడల్ ప్రైమరీ స్కూళ్లన్నారు, స్కూల్ అసిస్టెంట్లు కొందరు వాటికి హెచ్ఎంలుగా వెళ్లారు. పోస్టులు ఇలా అటూ ఇటూ కదిలాయి, మీ బోధనకు ఇందులో పాత్ర లేదు. ఊళ్లో ఎవరైనా "మాస్టారిని పంపించేశారు" అంటే సిగ్గుపడకండి, ఉన్నమాట చెప్పండి.

అపోహ: "స్కూలుకి చివర వచ్చినవాళ్లే పోవాలి."

వాస్తవం: సాధారణంగా చూసేది ఆ కేడర్‌లో, ఆ సబ్జెక్టులో సర్వీసు జూనియర్ ఎవరని. పోయిన ఏడు వచ్చిన టీచర్ మీకంటే సర్వీసులో సీనియర్ అయితే కదలాల్సింది మీరే కావచ్చు. సీనియర్ తానే ఇష్టపడి వెళ్తానంటే జూనియర్ ఆగవచ్చు. స్టాఫ్ రూమ్‌లో గొడవలు పడే ముందు ఎస్సార్లు తెరవండి.

వర్క్ అడ్జస్ట్‌మెంట్‌ని, అంటే వేరే స్కూల్లో కొన్నాళ్లు పనిచేయమనడాన్ని, బదిలీ అనుకుని ఏడ్చేవాళ్లూ ఉన్నారు. అది తాత్కాలికం. పోస్టు, జీతం పాత స్కూల్లోనే. ఉత్తర్వులో ముగింపు తేదీ ఉందో లేదో చూసుకోండి చాలు. ఒడియా మీడియం వాళ్లు అడుగుతున్నారు: ఖాళీలు మీడియం వారీగా చూపిస్తారు, మీ జాబితా మీది, తెలుగు మీడియం ఖాళీలు చూసి కంగారు పడొద్దు. ఎమ్మెల్యే గారి లెటర్ సంగతి: 1964 కాండక్ట్ రూల్స్ ప్రకారం పైరవీ చేయించడమే తప్పు, ఆ లెటర్ ఫైల్లో చేరితే రేపు మీ మీదకే వస్తుంది. కొత్త చోట మొదటి జీతం ఆలస్యమైతే అది శిక్ష కాదు, పొజిషన్ ఐడీ (జీతాల సిస్టమ్‌లో మీ పోస్టుకి ఉండే నంబరు) మ్యాప్ కాలేదేమో డీడీఓని అడగండి.

నాకు ఫోన్ చేసేటప్పుడు మాత్రం నాలుగు కాగితాలు దగ్గర పెట్టుకోండి: సీనియారిటీ జాబితాలో మీ పేరున్న పేజీ, ఎస్సార్‌లో కేడర్‌లో చేరిన తేదీ ఉన్న పేజీ, మీ స్కూలు రోల్, రిలీవింగ్ ఆర్డర్. అభ్యంతరాల గడువు ఇంకా ఉంటే రాత్రి ఎంతయినా సరే, అప్పుడే చేయండి.