మూడో రోజు మూసుకునే నాళం

ఆరోగ్యశ్రీ కింద వైద్యం చేసే నెట్‌వర్క్ ఆసుపత్రులు ప్రభుత్వ బకాయిల కోసం సేవలు ఆపుతామన్నప్పుడల్లా అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో ఇంకో పాత వాదన కూడా పైకి లేస్తుంది. గుండె జబ్బుతో పుట్టిన పసిగుడ్డును పోగొట్టుకున్నవాళ్లు ‘పుట్టినప్పుడు బాగుందన్నారు, ఇంటికి పంపేశారు’ అంటారు. ‘బాగా లేటుగా తెచ్చారు’ అన్నది ఆసుపత్రుల జవాబు. గుండెలో రక్తాన్ని బయటికి పంపే రెండు కింది గదుల్లో (జఠరికల్లో) ఒకటే సరిగ్గా పనిచేసే స్థితిలో పుట్టే పిల్లల విషయంలో ఈ వాదన మరీ ఎక్కువ.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఆ సంగతులు ఇక్కడ అందరికీ తెలిసినవే. ఈ తగువు అర్థం కావాలంటే ఇంకా వెనక్కి, 1976కు వెళ్లాలి.

కడుపులో ఉన్న బిడ్డ ఊపిరితిత్తులతో గాలి పీల్చదు. అందుకే రక్తం వాటిని తప్పించుకుని పోయేందుకు డక్టస్ అనే చిన్న నాళం ఉంటుంది. పుట్టాక రెండు మూడు రోజుల్లో అది మూసుకుంటుంది. మామూలు బిడ్డకు దాంతో ఏ ఇబ్బందీ లేదు. ఒకే జఠరికతో పుట్టిన చాలామంది పిల్లలకు మాత్రం ఊపిరితిత్తులకో ఒంటికో రక్తం చేరేది ఆ నాళం గుండానే. అది తెరిచి ఉన్నంతసేపూ బిడ్డ ఎర్రగా, చక్కగా కనిపించవచ్చు. తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్‌లో ఇంటికి చేరాకే అసలు కష్టం మొదలవుతుంది. పాలు తాగుతూ తాగుతూ రొమ్ము వదిలేస్తుంది, నుదుటి మీద చెమట, చల్లబడిన పాదాలు. ‘పొద్దున బాగానే ఉండె’ అని తల్లి చెప్పేది అబద్ధం కాదు. నిజంగానే పొద్దున బాగుంది.

1976లో టొరంటో పిల్లల ఆసుపత్రిలో ఆలీ, కొచియాని బృందం ప్రొస్టాగ్లాండిన్ ఈ1 అనే మందును డ్రిప్‌గా ఎక్కిస్తే ఆ నాళం తెరిచే ఉంటుందని చూపించింది. ఆపరేషన్లు అంతకుముందే ఉన్నాయి. నీలంగా మారే పిల్లలకు 1944లో బాల్టిమోర్‌లో షంటు, అంటే ఊపిరితిత్తులకు రక్తం చేరే కొత్త దారి, వేశారు. ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఫ్రాన్సిస్ ఫాంటాన్ 1968లోనే తన పేరుతో నిలిచిపోయిన ఆపరేషన్ చేశారు. కానీ డ్రిప్ వచ్చాకే పురిటి బిడ్డను థియేటర్ దాకా ప్రాణాలతో తీసుకెళ్లడానికి వ్యవధి దొరికింది. 1980ల మొదట్లో బోస్టన్‌లో విలియం నార్వుడ్ ఎడమ గుండె ఎదగని పిల్లలను బతికించగలిగారంటే దాని వెనుక ఈ మందు కూడా ఉంది. అప్పటి నుంచి బిడ్డ బతకడంలో సర్జన్ చేతికి ఎంత పాత్ర ఉందో కాన్పు జరిగిన చోటికీ అంతే ఉంది. నా దృష్టిలో ఇప్పటి తగువంతా ఇక్కడి నుంచి వచ్చిందే.

ఈ ఒకే జఠరిక జబ్బును జనం ‘గుండెలో రంధ్రం’ అనే అంటారు. కానీ ఇది ఒక్కసారి పూడ్చేసి మరిచిపోయే రంధ్రం కాదు. మొదటి రోజుల్లో చాలామందికి ఒక ఆపరేషన్, నాలుగు నుంచి ఆరు నెలల వయసులో గ్లెన్ అనే రెండోది, రెండు నుంచి నాలుగేళ్లకు ఫాంటాన్. అన్నీ అయినా జఠరిక ఒక్కటే. చెడు రక్తం పంపు సాయం లేకుండా నేరుగా ఊపిరితిత్తులకు వెళ్లేలా దారి మారుస్తారు. ఫాంటాన్ దాటినవాళ్లలో చాలామంది పెద్దవాళ్లై చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. కాలేయాన్ని మాత్రం జీవితాంతం కనిపెట్టుకోవాలి.

అన్నిటికంటే కష్టమైనది, ఎడమ గుండె ఎదగని పిల్లలకు మొదటి రోజుల్లో చేసే నార్వుడ్ ఆపరేషన్. ఉత్తర అమెరికాలో 15 కేంద్రాల్లో 549 మంది పిల్లలపై చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. గుండె మార్పిడి అవసరం లేకుండా ఏడాది దాటినవారు ఒక రకం షంటుతో 74 శాతం, ఇంకో రకంతో 64 శాతం. అన్ని వసతులూ ఉన్న చోటే ఇదీ లెక్క. మన దేశంలో నార్వుడ్ చేసే చోట్లు కొద్ది.

ఇక మన దారులు. అనంతపురం నుంచి బెంగళూరు, కర్నూలు నుంచి హైదరాబాద్ 200 కి.మీ. పైనే. పుట్టపర్తిలో 1991 నుంచి ఉచితంగా గుండె ఆపరేషన్లు చేస్తున్నారు. తిరుపతిలో పిల్లల గుండె ఆసుపత్రి 2021 అక్టోబరులో తెరుచుకుంది, కడపవాళ్లకు అదే దగ్గర. కానీ దూరం కిలోమీటర్లతో తేలేది కాదు. డ్రిప్ ఎక్కుతున్న బిడ్డకు ఊపిరి ఆగిపోవచ్చు. అంబులెన్స్‌లో పక్కనే ఊపిరి అందించే బ్యాగు నొక్కగలిగిన మనిషి ఉండాలి. డ్రిప్పే పెట్టకుండా పంపితే సగం దారిలో నాళం మూసుకోవచ్చు.

బకాయిలు చెల్లించకపోతే ఎలా నడపాలని ఆసుపత్రులు అడగడంలో న్యాయం ఉంది. అయితే మొదటి షంటు వేయించుకుని గ్లెన్ కోసం ఎదురుచూస్తున్న బిడ్డ సంగతి వేరు. ఆ షంటు ట్యూబు వెడల్పు సుమారు 3.5 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ధనియం గింజంత. బిడ్డ పెరుగుతుంది కానీ ట్యూబు పెరగదు. మోకాలి ఆపరేషన్‌లా గ్లెన్‌ను వాయిదా వేయడం కుదరదు.

‘లేటుగా తెచ్చారు’ అనేవాళ్లు ముందు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. కడుపులో బిడ్డ అవయవాలను చూసే ఐదో నెల టిఫా స్కాన్‌లో గుండె నాలుగు గదులూ చూశారా? పుట్టిన 24 గంటల తర్వాత కుడి చేతికి, ఒక కాలికి రక్తంలో ఆక్సిజన్ శాతం కొలిచే పల్స్ ఆక్సీమీటర్ పెట్టారా? 95 కంటే తక్కువ వచ్చినా, చేతికీ కాలికీ 3 కంటే ఎక్కువ తేడా ఉన్నా మళ్లీ కొలవాలి. తేడా అలాగే ఉంటే గుండె స్కాన్ చేయించాలి. 90 కంటే తగ్గితే ఆగకుండా అప్పుడే చూపించాలి. అన్ని కేసులనూ ఇది పట్టుకోదు. అయినా నిమిషాల్లో అయ్యే పని. ఆ రెండు అంకెలనూ డిశ్చార్జి కాగితం మీద రాసిస్తే, ఆలస్యం ఎవరిదని అడిగిన రోజున తల్లి చేతిలో కూడా చూపించడానికి ఒక కాగితం ఉంటుంది.