నడివేలి మీద నిలబడే గుర్రం: కొనేముందు చూపు ఎక్కడ నిలపాలి

"మా పాపకు పోనీ (పొట్టిజాతి గుర్రం) కొందామనుకుంటున్నాం. సుడులు మంచివి, పైగా పంచకల్యాణి అని అమ్మేవాళ్లు చెబుతున్నారు. అవి కాక ఇంకేం చూడాలి?" అని ఒక పాఠకురాలు అడిగారు. అమ్మా, ముందు ఆ రెండింటినీ పక్కన పెట్టండి. ముఖం, చెవులు, మెడ వంపు, జూలు కూడా కాసేపు వదిలేయండి. గుర్రాన్ని గిట్ట దగ్గర మొదలుపెట్టి పైకి చూసుకుంటూ రావాలి. ఎందుకో తెలియాలంటే మీ చెయ్యే చాలు.

కుడి చేతిని బల్ల మీద పెట్టి, అరచేతిని పైకి లేపి, మిగతా వేళ్లు మడిచి, నడివేలి కొన ఒక్కటే బల్లకు ఆనేలా ఉంచండి. గుర్రం ముందుకాలి నిర్మాణం అచ్చంగా ఇదే. గుర్రానికి మనం మోకాలు అంటున్నది మన మణికట్టు. దాని కింద నిటారుగా దిగే కానన్ ఎముక మన అరచేతిలో నడివేలి వరుసలో ఉండే ఎముక. కానన్ కింద ఉబ్బెత్తుగా కనిపించే ఫెట్‌లాక్ కీలు మన వేలి మెటిక. అక్కడి నుంచి గిట్ట దాకా ఏటవాలుగా ఉండే పాస్టర్న్ వేలి కణుపులు. గిట్ట గోరు. చూపుడువేలికీ ఉంగరపువేలికీ చెందిన అరచేతి ఎముకలు సన్నబడిపోయి కానన్‌కు చెరోపక్క స్ప్లింట్ ఎముకలుగా మిగిలాయి. వెనక కాల్లో "వెనక్కి వంగిన మోకాలు"లా కనబడే హాక్ నిజానికి చీలమండ. అసలు మోకాలు పైన, పొట్ట పక్కన ఉంటుంది.

బడి పుస్తకాల్లో గుర్రం పరిణామం బొమ్మ ఉంటుంది. వేళ్లు తగ్గుతూ తగ్గుతూ చివరికి ఒక్కటి మిగలడాన్ని పిల్లలు చక్కగా గీసి మార్కులు తెచ్చుకుంటారు. ఆ మిగిలిన ఒక్క వేలూ నాలుగైదు క్వింటాళ్ల ఒంటిని ఎలా మోస్తోందన్నది మాత్రం ఆ పాఠంలో రాదు. గుర్రంలో అన్నిటికన్నా అద్భుతం అదే.

మీ చెయ్యి ఇంకా బల్ల మీదే ఉందా? మెల్లగా బరువు మోపండి. మెటిక కిందికి దిగి, వేలు వెనక్కి విరుచుకుంటుంది. గుర్రానికీ అడుగు వేసిన ప్రతిసారీ ఫెట్‌లాక్ అలాగే దిగుతుంది. దాన్ని పడిపోకుండా ఆపడానికి అక్కడ కండ లేదు. మోకాలి కింద చెప్పుకోదగ్గ కండరమే ఉండదు. కండలన్నీ పైన ముంజేతిలో ఉంటే, కింద ఉన్నవి వాటి టెండాన్లు (కండను ఎముకకు కట్టే తాళ్లు), సస్పెన్సరీ లిగమెంట్ (ఎముకను ఎముకకు కట్టే పట్టీ), ఫెట్‌లాక్ వెనక రెండు చిన్న సెసమాయిడ్ ఎముకలు. ఈ పట్టీలన్నీ కలిసి ఫెట్‌లాక్‌ను కింది నుంచి ఊయలలా పట్టుకుంటాయి. బరువు పడితే సాగుతాయి, బరువు తీస్తే ముడుచుకుని కాలిని పైకి ఎగదోస్తాయి. గుర్రం తక్కువ శక్తి ఖర్చుతో దూరం పరుగెత్తగలగడానికి ఈ స్ప్రింగే కారణం.

దాని మీద పడే భారం చూడండి. నిలబడినప్పుడు బరువులో 60 శాతం దాకా ముందుకాళ్లదే. దౌడులో ఒక్కో ముందుకాలి మీద శరీర బరువుకు దాదాపు రెండున్నర రెట్ల బలం పడుతుంది. 450 కిలోల గుర్రమైతే 1,100 కిలోలకు పైమాటే, అదీ ఒక్క వేలి మీద. అప్పుడు కాలి వెనక పైపొరలో ఉండే సూపర్‌ఫిషియల్ ఫ్లెక్సర్ టెండాన్ తన పొడవులో 16 శాతం దాకా సాగినట్టు కొలతలున్నాయి. అది తెగే హద్దుకు దగ్గర. ప్రతి సాగుడులో కొంత శక్తి వేడిగా మారుతుంది. పరుగెత్తే గుర్రాల్లో టెండాన్ లోపల 45 డిగ్రీల సెల్సియస్ దాకా నమోదైంది. మామూలు కణాలు తట్టుకోలేని వేడి అది. మలక్‌పేట రేస్‌కోర్సులోనైనా ఇంగ్లండులోనైనా పందెపు గుర్రాల టెండాన్ గాయాలు ఎక్కువగా ముందుకాళ్లలోనే రావడం ఇందువల్లే.

ఇప్పుడు పాస్టర్న్ పొడవు, వాలు ఎందుకు చూస్తారో లెక్క కట్టవచ్చు. నేల కాలిని పైకి నెట్టే బలం గిట్ట దగ్గర పనిచేస్తుంది. ఫెట్‌లాక్ ఆ బలానికి కాస్త వెనకగా ఉంటుంది. ఈ రెంటి మధ్య అడ్డంగా ఉన్న దూరమే మీట పొడవు. అది పెరిగినకొద్దీ అదే నిష్పత్తిలో టెండాన్ లాగుడూ పెరగాలి. పాస్టర్న్ 10 సెంటీమీటర్లుండి నేలతో 55 డిగ్రీలు చేస్తే ఆ దూరం 5.7 సెం.మీ. అదే పొడవు 45 డిగ్రీలకు వాలితే 7.1. పొడవు 12 సెం.మీ. అయి, వాలు 45 అయితే 8.5. అంటే చూపుకి "కాస్త పొడుగు, కాస్త వాలు" అనిపించే తేడా టెండాన్ మీద దాదాపు ఒకటిన్నర రెట్ల భారంగా తేలుతుంది. పరుగులో ఫెట్‌లాక్ ఇంకా దిగుతుంది కనుక కోణాలు క్షణక్షణం మారతాయి, కానీ ఏ కాలికి ఎక్కువ భారమన్నది మారదు.

మరి నిటారు పాస్టర్న్ మంచిదా? కాదు. టెండాన్‌కు సుఖమే గానీ స్ప్రింగు దిగదు. దెబ్బంతా నేరుగా ఎముకలకూ కీళ్లకూ తగులుతుంది. అడుగు పొట్టిగా, గట్టిగా పడుతుంది, ఎక్కినవాళ్ల నడుం అదురుతుంది. పాస్టర్న్ కీళ్ల చుట్టూ ఎముక పెరిగే రింగ్‌బోన్ ఇలాంటి కాళ్లలో వస్తుంది. పిల్లల పోనీకి ముందుకాలి గిట్ట 50 నుంచి 55 డిగ్రీల వాలులో ఉంటే బాగుంటుంది, వెనక గిట్ట ఇంకాస్త నిటారుగా ఉండవచ్చు. అంకె కన్నా ముఖ్యమైనది ఒకటుంది. పక్కనుంచి చూస్తే పాస్టర్న్ వాలూ గిట్ట ముందుగోడ వాలూ ఒకే గీతలో ఉండాలి. గిట్ట ముందుభాగం పొడవు పెరిగి మడమ కిందికి నలిగితే ఆ గీత వెనక్కి విరుగుతుంది. అప్పుడు లోపొరలో ఉండే డీప్ ఫ్లెక్సర్ టెండాన్ గిట్ట లోపలి నావిక్యులర్ ఎముకను గట్టిగా నొక్కుతుంది. గిట్టలోని ఎముక అడుగుభాగం నేలతో చేసే కోణం ఒక్క డిగ్రీ తగ్గినా ఆ నొక్కుడు సుమారు 4 శాతం పెరుగుతుంది. ఇది చాలావరకు లాడాలు కొట్టేవారి నిర్లక్ష్యం వల్ల వచ్చే లోపమే. పుట్టుకది కాదు కనుక సరిచేయవచ్చు.

గుర్రాన్ని గట్టి, చదును నేల మీద చూడండి. గడ్డిలో గిట్టలు కనిపించవు. ముందుకాళ్లు ఎత్తున నిలిపితే భుజం అందంగా వాలినట్టు భ్రమ కలుగుతుంది. కాళ్లు ముందుకీ వెనక్కీ సాగదీసి నిలబెడితే వెనక కాలి వంపు తెలియనే తెలియదు. రెండడుగులు నడిపించి, దానంతటది ఆగిన చోట చూస్తామని చెప్పండి. నాలుగు మీటర్ల దూరంలో నిలబడి, తాపీమేస్త్రీ గుండుతాడు కళ్లముందు వేలాడదీసి కొలవండి.

ముందునుంచి చూస్తే భుజం మొన దగ్గర వదిలిన దారం ముంజెయ్యి, మోకాలు, కానన్, ఫెట్‌లాక్, గిట్ట అన్నిటినీ సగానికి చీలుస్తూ దిగాలి. కానన్ మోకాలి నడిమధ్యన కాక బయటి పక్కకు జరిగి ఉంటే లోపలి స్ప్లింట్ ఎముక మీద బరువు ఎక్కువై అక్కడ గడ్డలు కడతాయి. గిట్ట బయటికి తిరిగి ఉంటే నడకలో పాదం లోపలికి విసిరి రెండో కాలిని కొట్టుకోవచ్చు. లోపలికి తిరిగి ఉంటే బయటికి విసురుతుంది, చూడటానికి బాగోదు గానీ కాలికి కాలు తగలదు. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. గుర్రానికి ఎదురుగా కాక, దాని మోకాలు ఎటు చూస్తోందో అటువైపు జరిగి నిలబడండి. మోకాలూ గిట్టా రెండూ ఒకే దిక్కుకు చూస్తుంటే కాలు మొత్తం పైనుంచి తిరిగి ఉంది. సన్నటి రొమ్మున్న పిల్లగుర్రాల్లో ఇది మామూలు, రొమ్ము విచ్చుకున్నకొద్దీ సర్దుకుంటుంది. మోకాలు ముందుకు చూస్తూ గిట్ట మాత్రమే పక్కకు తిరిగితే వంకర ఫెట్‌లాక్‌ది. ఎదిగిన గుర్రంలో అది పోదు.

పక్కనుంచి దారం భుజపుటెముక నడిమి గట్టు నుంచి మోకాలి మధ్యగా దిగి మడమ వెనక పడాలి. మోకాలు గీతకు వెనక్కి ఉంటే వద్దనే చెబుతాను. అలసిన కాలు ఇంకా వెనక్కి విరుచుకుంటుంది, మోకాలి ముందంచు ఎముకలు ఒకదాన్నొకటి గుద్దుకుని పెచ్చులూడతాయి. కాస్త ముందుకు వంగిన మోకాలితో అంత ప్రమాదం లేదు. వెనక కాలికి పిరుదు మొన నుంచి వదిలిన దారం హాక్ మొనను తాకుతూ కానన్ వెంట దిగాలి. హాక్ కొడవలిలా వంగి పాదం బొజ్జ కిందికి వస్తే హాక్ వెనక కింది లిగమెంట్ వాచే కర్బ్ వస్తుంది. మరీ నిటారైతే మోకాలిచిప్ప చిక్కుకోవడం, సస్పెన్సరీ తెగడం. వెనకనుంచి చూసినప్పుడు హాక్‌లు కొంచెం దగ్గరగా, గిట్టలు కొంచెం బయటికి ఉండటం సహజమే. పొట్ట పక్కన మోకాలు కదలడానికి అది చోటిస్తుంది.

ప్రతి వంకరా ముప్పు కాదు. 2004లో ప్రచురితమైన థరోబ్రెడ్ పందెపు గుర్రాల అధ్యయనంలో, పొడుగు పాస్టర్న్‌కు ముందుకాలి ఎముక విరిగే అవకాశం ఎక్కువగా కనబడింది. మోకాలి నుంచి కింది కాలు స్వల్పంగా బయటికి వంగిన గుర్రాల్లో మాత్రం మోకాలి ఎముక విరగడం తక్కువే. కొలబద్ద ప్రకారం తప్పు, కాలికి రక్షణ. అసలు కొలబద్దల చరిత్రే ఇలాంటిది. 1761లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో పశువైద్య పాఠశాల పెట్టిన క్లోడ్ బూర్జెలా గుర్రం తల పొడవును ప్రమాణంగా తీసుకుని ఆదర్శ నిష్పత్తులు రాశాడు. ఆ సంప్రదాయంలో చదువుకున్న ఫ్రెంచి పశువైద్యుడు సాంబెల్, ఓటమి ఎరగని ఇంగ్లిషు గుర్రం ఎక్లిప్స్ 1789లో చనిపోయాక దాన్ని కొలిచి చూస్తే ఆ నిష్పత్తులకు అది సరిపోలేదు.

ఇక సుడులు. పిండదశలో వెంట్రుకల కుదుళ్లు ఏ దిక్కుకు వాలాయన్నదే సుడి. ఏ రెండు గుర్రాలకూ ఒకేలా ఉండవు కనుక గుర్తింపు పత్రాల్లో వాటిని గీస్తారు, ఆ మేరకు చాలా విలువైనవి. యజమాని అదృష్టానికీ వాటికీ సంబంధం లేదు. పంచకల్యాణి అంటే నాలుగు కాళ్లకూ ముఖానికీ తెలుపు. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. తెల్లగిట్ట మెత్తన అన్నదీ నిజం కాదు, రంగును బట్టి గిట్ట బలం మారదు. తెల్లమచ్చ కింద చర్మం గులాబీ రంగులో ఉంటే మన ఎండలకు కమిలిపోతుంది, అంతే. మార్వారీ, కాఠియావాడీ గుర్రాల వంపు చెవులకు పోటీల్లో పడే మార్కులు చూస్తే నాకు బాధే కలుగుతుంది. చెవులు బరువు మోయవు.

పోనీలో తప్పక చూడాల్సింది గిట్ట మీది గీతలు. గిట్ట నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంటే ముందుభాగంలో దాదాపు ఏడాది చరిత్ర ఉంటుంది. గీతలు సమాంతరంగా ఉంటే మేతో వాతావరణమో మారిందనుకోవచ్చు. ముందు ఇరుకుగా, మడమ దగ్గర వెడల్పుగా విచ్చుకుంటే అది లామినైటిస్ (గిట్ట లోపలి పొరల వాపు) ఆనవాలు. దాణా ఎక్కువై మెడ పైభాగం గట్టిగా కొవ్వు పట్టిన పోనీలకు ఈ జబ్బు ఎక్కువ. గిట్టకు నల్లనూనె దట్టంగా రాసి ఉంటే తుడిచి, వేలితో తడిమి చూడండి.

మోకాలి కింద కానన్ చుట్టుకొలత టేపుతో తీయండి. 450 కిలోల గుర్రానికి 18 సెం.మీ. ఉండాలన్నది పాత లెక్క. తర్వాత గట్టి నేల మీద దుడుకు నడక నడిపించండి. నొప్పి ఉన్న ముందుకాలు నేల తాకినప్పుడు తల పైకి లేస్తుంది, మంచి కాలు పడినప్పుడు దిగుతుంది.

పిల్లగుర్రాన్ని కొంటున్నట్టయితే కాలం ముఖ్యం. ఫెట్‌లాక్ పైనున్న ఎదుగుదల పొర (ఎముక పొడవు పెరిగే చోటు) చురుకుదనం మూడు నెలల వయసుకే చాలావరకు ముగుస్తుంది. మోకాలి పైనది ఏడాదిన్నర, రెండేళ్ల దాకా సాగుతుంది. కనుక ఫెట్‌లాక్ వంకరను తొలి వారాల్లోనే పశువైద్యుడికి చూపించాలి. ఎదిగాక గిట్టను ఒకపక్క ఎక్కువ చెక్కి పాదం నేరుగా కనిపించేలా చేస్తే ఎముక మారదు, కీలు ఆ పక్క నలిగి అరుగుతుంది. అమ్మకానికి ముందు ఇలా చెక్కించడం మామూలే. అందుకని గిట్ట లోపలి గోడ, బయటి గోడ ఎత్తులు సమానంగా ఉన్నాయో లేదో కాలు ఎత్తి, వెనకనుంచి చూడండి.