రొప్పితేనే పరుగా? మొదటి రేసు చుట్టూ తిరిగే అపోహలు

నెలకోసారైనా నాకు ఇదే ఫోను వస్తుంది. "సార్, రేసుకింకా పన్నెండు రోజులే ఉంది. మోకాలి కింద ముందెముక ఒకటే నొప్పి. ఏ స్ప్రే కొట్టుకోమంటారు?" నేనూ ప్రతిసారీ ఒకటే అడుగుతాను: రోజూ ఏ పేస్‌లో పరుగెడుతున్నారు? అవతల కాసేపు చప్పుడుండదు. ఆ తర్వాత, "పేస్ అంటే... ఎంత వీలైతే అంత గట్టిగా సార్."

కొత్తవాళ్లకు 5కె, 10కె, అంటే ఐదు, పది కిలోమీటర్ల రేసులు నేర్పడం నా పని. ఇన్నేళ్లలో స్ప్రేల పేర్లు మారాయి గానీ ఈ జవాబు మారలేదు.

అపోహ: రొప్పితేనే ప్రాక్టీసు. మాట్లాడుకుంటూ పరుగెత్తితే అది వాకింగ్ కిందే లెక్క.

బిబ్ (చొక్కాకు పెట్టుకునే రేసు నంబరు) చేతికొచ్చాక కూడా స్టార్ట్ లైను చూడకుండానే మానేసినవాళ్లలో ఎక్కువమందిని ఈ మాటే మాన్పించింది. వయసు వల్ల, బరువు వల్ల, బూట్ల వల్ల ఆగిపోయినవాళ్లందర్నీ కలిపినా నా దగ్గర అంతమంది తేలరు.

అసలు సంగతి ఇది. గుండె, ఊపిరి తొందరగా దారికొస్తాయి. రెండు మూడు వారాలు క్రమం తప్పకుండా పరుగెత్తితే చాలు, నిన్నటిదాకా ఆయాసం తెప్పించిన దూరం ఇవాళ తేలిగ్గా అయిపోతుంది. "దమ్ము పెరిగింది సార్" అంటారు. నిజంగానే పెరిగింది. కానీ ఎముకలకూ, కండరాన్ని ఎముకకు కట్టే టెండన్లకూ అంత తొందర లేదు. కొత్త బరువుకు తట్టుకోవాలంటే ఎముక ముందు పాత భాగాన్ని కొంత కరిగించుకుంటుంది, ఆ తర్వాతే కొత్తది కట్టుకుంటుంది. కరగడం వారాల్లో అయిపోతుంది, కట్టుకోవడానికి నెలలు పడుతుంది. గోడ పగలగొట్టి, కొత్త ఇటుక పేర్చకముందే డాబా మీదికి జనాన్ని ఎక్కిస్తే ఏమవుతుంది? అందుకే ఈ నొప్పి మొదటి రోజు రాదు. సరిగ్గా ఊపందుకున్నాం అనుకునే నాలుగో వారంలోనో ఐదో వారంలోనో వస్తుంది.

పోనీ మెల్లగా పరుగెత్తితే ఫలితం తక్కువా అంటే, అదీ కాదు. 5కె రేసులో కూడా ఒంటికి అందే శక్తిలో 90 శాతం పైగా ఆక్సిజన్ మీద ఆధారపడినదే. ఆ వ్యవస్థ, అంటే కండరాల్లో సన్న రక్తనాళాలు, శక్తి తయారుచేసే మైటోకాండ్రియా, ఈజీ పరుగులోనే బాగా పెరుగుతాయి. ఒలింపిక్స్ స్థాయి దూరపు రన్నర్లు కూడా తమ ప్రాక్టీసులో దాదాపు 80 శాతం ఈజీగానే చేస్తారు. వాళ్ల ఈజీ మనకు రాకెట్‌లా కనిపిస్తుంది, అది వేరే సంగతి.

మరి ఈజీ అని ఎలా తెలుస్తుంది? వాచీలో అంకె చూసి మాత్రం కాదు. 220లోంచి వయసు తీసేసి గరిష్ఠ హార్ట్‌రేట్ చెప్పే లెక్క మనిషిని బట్టి పదీ పన్నెండూ తేడా కొడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. మాటే మంచి కొలత. ఆగకుండా రెండు పూర్తి వాక్యాలు చెప్పగలిగితే ఈజీ.

నా దగ్గరికొచ్చిన ఒకావిడ ఎంత చెప్పినా తగ్గేది కాదు. చివరికి ఒకరోజు అసలు మాట బయటపెట్టింది: "మెల్లగా వెళ్తే అందరూ చూస్తారు సార్." అక్కడ నాకు జాలేసింది. చాలామంది పరుగెత్తేది ఆ చూపుల్లోంచి తప్పించుకోవడానికే. సరే, ఇయర్‌ఫోన్ పెట్టుకుని మీ అక్కకు ఫోన్ చెయ్యండి, అక్క "ఏంటే అలా రొప్పుతున్నావ్" అందంటే వెంటనే నడవండి, మళ్లీ అడక్కుండా ఉండే స్పీడులో మొదలుపెట్టండి అన్నాను. మొదటిరోజు నాలుగు వందల మీటర్లకోసారి అడిగిందట. ఆరో వారంలో ఒకరోజు అక్క ముప్పావుగంట సేపు ఆడపడుచు మీద చెప్పుకుంటూనే ఉందట. ఈవిడ ఊఁ కొడుతూ, మధ్యమధ్యలో సలహాలిస్తూ ఆరు కిలోమీటర్లు పూర్తిచేసింది. అక్కకు ఆ రోజు రొప్పు వినబడనే లేదు.

ఇక ఆ ఫోను చేసినవాళ్ల నొప్పి సంగతి. ఎముక వెంబడి జానెడు పొడుగునా సలుపుతూ, ఒళ్లు వేడెక్కాక తగ్గుతుంటే పరుగు బాగా తగ్గించి చూడొచ్చు. వేలితో నొక్కితే రూపాయి బిళ్లంత ఒక్కచోటే చుర్రుమంటున్నా, ఒంటికాలి మీద గెంతితే నొప్పి లేస్తున్నా, రాత్రి పడుకున్నప్పుడూ పోకపోయినా రేసు మానేసి డాక్టరు దగ్గరికెళ్లండి. స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఎముకలో సన్న పగులు) మీద స్ప్రే కొట్టి పరుగెత్తినవాళ్లను చూశాను. కొన్ని వారాల్లో మానేది నెలల తరబడి సాగుతుంది.

అపోహ: ముందు వరసలో నిలబడకపోతే టైము పోతుంది.

పోదు. చాలా రేసుల్లో బిబ్ వెనకాలే టైము కొలిచే చిప్ ఉంటుంది. స్టార్ట్ లైను దగ్గర పరిచిన మ్యాట్ దాటిన క్షణం నుంచే మీ నెట్ టైమ్ మొదలవుతుంది. గన్ పేలాక మ్యాట్ దాకా రావడానికి ఐదు నిమిషాలు పట్టినా ఆ ఐదు నిమిషాలు మీ లెక్కలోకి రావు. ప్రైజులు గన్ టైమ్ మీద, అంటే గన్ పేలినప్పటి నుంచి లెక్కేసి ఇచ్చే రేసులున్నాయి, కానీ మొదటి రేసులో మనకా గొడవెందుకు?

ముందు నిలబడితే ఏమవుతుందో నన్నడగండి. నా మొదటి 10కెకు ప్రాక్టీసులో నా పేస్ కిలోమీటరుకు ఆరున్నర నిమిషాలు. తోసుకుని రెండో వరసలో నిలబడ్డాను. గన్ పేలింది, చుట్టూ ఉన్నవాళ్లంతా దూసుకుపోయారు, నేనూ వాళ్లతో పాటే. మొదటి కిలోమీటరు 4 నిమిషాల 50 సెకన్లు. వాచీ చూసుకుని, నాలో ఇంత మొనగాడున్నాడా అని మురిసిపోయాను. పరుగు మొదట్లో రెండు మూడు నిమిషాలు ఒళ్లు కొంత ఆక్సిజన్ అప్పు మీదే నడుస్తుంది, అందుకే కష్టం తెలియదు. మూడో కిలోమీటరులో డొక్కలో పోటు మొదలైంది. ఆరో కిలోమీటరు బోర్డు దగ్గర మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. తెల్లజుట్టు పెద్దావిడ ఒకరు టక్ టక్ టక్‌మని ఒకే తాళంలో అడుగులేసుకుంటూ వచ్చి, "ముందర తొందరపడ్డావా బాబూ" అని, ఆగకుండానే వెళ్లిపోయారు. నాది గంటా పద్నాలుగు నిమిషాలు అయింది. బుద్ధిగా ప్రాక్టీసు పేస్‌లో వచ్చుంటే గంటా ఐదు నిమిషాలు!

కాబట్టి మీ పేస్‌లో అందర్నీ వెంటబెట్టుకుని పరుగెత్తే పేసర్ వెనకో, ఇంకా వెనకో నిలబడండి. మొదటి కిలోమీటరులో అందరూ మిమ్మల్ని దాటిపోతుంటే, పోనివ్వండి.

అపోహ: మధ్యలో నడిస్తే రేసు చేసినట్టు కాదు.

నడవకూడదని రోడ్ రేసుల్లో రూలేం లేదు, రేసు పెట్టినవాళ్లు చెప్పిన ఆఖరి గడువు, కటాఫ్ టైములోపు వస్తే చాలు. 1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరుగెత్తిన జెఫ్ గాలొవే కొత్తవాళ్లకు నేర్పిందే ఈ పరుగు-నడక పద్ధతి. అలిసిపోయాక నడవడం వేరు, అలవకముందే లెక్క ప్రకారం ఒక్క నిమిషం నడవడం వేరు. రెండోది చేసినవాళ్లు చివరి రెండు కిలోమీటర్లలో మొదటి రకంవాళ్లను దాటేయడం నేను ప్రతి రేసులోనూ చూస్తాను. ఆఖరున వస్తానేమోనన్న భయం చాలామందికి నిద్ర పట్టనివ్వదు. ఆఖరివాళ్లు కూడా ఎవరో ఒకరు ఉండాలి కదండీ. మీరనుకున్నంత సులువుగా ఆ స్థానం దొరకదు కూడా.

అపోహ: దాహం వెయ్యకముందే, వీలైనన్ని నీళ్లు తాగాలి.

దీంతో మాత్రం ఆటలాడకండి. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో ఉప్పు, అంటే సోడియం పడిపోయి ఉంది. ఎక్కువగా తాగి, రేసయ్యేసరికి బరువు పెరిగినవాళ్లకూ, నాలుగు గంటలు దాటి పరుగెత్తినవాళ్లకూ ఆ ప్రమాదం ఎక్కువ. అంటే మెల్లగా పరుగెత్తే మనలాంటివాళ్లకే. ముదిరితే మెదడు వాచి ప్రాణం పోతుంది. 5కె, 10కెలో దాహమైతే తాగండి, కాకపోతే వాటర్ స్టేషన్ దాటి వెళ్లిపోండి. ఎండ మండిపోతుంటే పేస్ తగ్గించండి. వడదెబ్బను నీళ్లొక్కటే ఆపలేవు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పరుగెడితే మోకాళ్లు అరుగుతాయా? 2017లో వచ్చిన ఒక సమీక్షలో సరదాగా పరుగెత్తేవాళ్లలో మోకాలి, తుంటి ఆర్థరైటిస్ 3.5 శాతం, పరుగెత్తకుండా కూర్చునేవాళ్లలో 10.2 శాతం. మర్నాడు మెట్లు దిగలేకపోవడానికి లాక్టిక్ ఆసిడ్ కారణం కాదు. అది గంటా రెండు గంటల్లోనే పోతుంది. మిగిలేది కండరాల్లో సన్న చిరుగుల నొప్పి, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. రేసు రోజు కొత్త బూట్లు వద్దు, కొత్త సాక్సులూ వద్దు. 10కె కోసం ముందురాత్రి కడుపు పగిలేలా తినక్కర్లేదు, ఒంట్లో నిల్వ ఉన్న పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్, దానికి చాలు.

ముందురాత్రి నిద్ర పట్టకపోతే రేసు పాడవుతుందని బెంగపడకండి. అంతకుముందు రెండు మూడు రాత్రులు బాగా పడుకుంటే చాలు. నాకిప్పటికీ పట్టదు, రెండింటికి లేచి బిబ్‌కు నాలుగు పిన్నులూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంటాను. మీరూ చూసుకోండి. పొద్దున స్టార్ట్‌కు ముప్పావుగంట ముందే టాయిలెట్ లైన్లో నిలబడండి. అది స్టార్ట్ లైను కన్నా పొడుగ్గా ఉంటుంది.