బత్తాయి తొక్క బ్యాక్టీరియాను చంపుతుందా? అపోహలు - వాస్తవాలు

బత్తాయికి నల్లగొండ, నిమ్మకు నకిరేకల్. ఇంత పంట పండే చోట రసం పిండాక దాదాపు సగం బరువు తొక్క, పిప్పి రూపంలో మిగిలిపోతుంది. ఆ తొక్కలోని పదార్థాలు బ్యాక్టీరియా మీద ఎలా పనిచేస్తాయో ల్యాబ్‌లో చూడటం నా పని. వాటిలో నిజంగానే సత్తా ఉంది. కానీ వాట్సాప్‌లో తిరిగే మాటలు చూస్తే మాత్రం టెన్షన్ పుడుతుంది.

అపోహ: తొక్క పులుపు వల్లే క్రిములు చస్తాయి.

వాస్తవం: పులుపు రసంలోని సిట్రిక్ ఆమ్లానిది. తొక్కను వేళ్ల మధ్య మడిచి నొక్కితే సన్నటి తుంపర చిమ్ముతుంది కదా, అది నూనె. బత్తాయి తొక్క నూనెలో 90 శాతానికి పైగా లిమోనీన్ అనే పదార్థమే. అది బ్యాక్టీరియా పైపొరలో చేరి దాన్ని వదులు చేస్తుంది, లోపలివి బయటికి కారిపోతాయి. తొక్క లోపలి తెల్లటి పొరలో హెస్పెరిడిన్ అనే ఫ్లేవనాయిడ్ (మొక్కల్లో సహజంగా ఉండే ఒక రకం పదార్థం) ఉంటుంది.

అపోహ: ల్యాబ్ ప్లేటులో యాంటీబయోటిక్ కంటే తొక్క సారానికే పెద్ద వలయం వచ్చింది, కాబట్టి ఇదే గొప్ప మందు.

వాస్తవం: ప్రాజెక్టు రిపోర్టుల్లో నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇదే. అగర్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ లాంటి పదార్థం) మీద బ్యాక్టీరియాను పూసి, చిన్న గుంత చేసి, అందులో సారం పోసి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచుతాం. తెల్లారేసరికి గుంత చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం కనబడుతుంది. పోలిక కోసం పక్కన పెట్టిన సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ కాగితపు బిళ్లలో మందు 5 మైక్రోగ్రాములే. గుంతలో పోసిన సారం మిల్లీగ్రాముల్లో, అంటే వందల రెట్లు, వేల రెట్లు ఎక్కువ. ఈ రెండు వలయాలకు పోలిక ఎక్కడిది?

పైగా సారం తీసింది మిథనాల్, ఇథనాల్ లాంటి ఆల్కహాల్‌తో. ఆ ద్రావణిని ఒక్కదాన్నే ఇంకో గుంతలో పోసి చూడాలి. అక్కడా వలయం వస్తే అది తొక్క గొప్పతనం అని చెప్పలేం. పిల్లలు ఫొటోలు తెస్తే నేను ముందు వెతికేది ఆ గుంత కోసమే. నూనె సంగతి ఇంకో రకం: నీళ్లలో కలవదు కాబట్టి అగర్‌లో సరిగా పాకదు, వలయం చిన్నదిగా వస్తుంది. అందుకే వలయం కొలతతో ఆగకుండా, బ్యాక్టీరియా పెరుగుదలను ఆపే కనీస మోతాదు, అంటే ఎంఐసీ, తేల్చాలి.

అపోహ: అన్ని బ్యాక్టీరియా మీదా ఒకేలా పనిచేస్తుంది.

వాస్తవం: స్టెఫైలోకాకస్ లాంటి గ్రామ్ పాజిటివ్ (బయటి పొర లేని) రకాలు సాధారణంగా తేలిగ్గా లొంగుతాయి. ఈ.కోలైకి అదనంగా ఒక బయటి పొర ఉంటుంది, అందుకే మొండికేస్తుంది. సూడోమోనాస్ మరీ మొండిది.

అపోహ: సహజమైనదే కదా, పుండు మీద రాస్తే ఏం కాదు.

వాస్తవం: దయచేసి రాయకండి. గాలి తగిలి పాతబడిన లిమోనీన్ చర్మానికి అలర్జీ తెప్పించగలదు. నిమ్మరసం పడిన చోట ఎండ తగిలితే బొబ్బలు లేచే ప్రమాదం ఉంది. డాక్టరు రాసిన యాంటీబయోటిక్ కోర్సును తొక్కను నమ్ముకుని మధ్యలో ఆపకండి.

అపోహ: మందు కాకపోతే తొక్క పెంటకుప్పకే.

వాస్తవం: నూనె జిడ్డును బాగా కరిగిస్తుంది, శుభ్రం చేసే ద్రావణాల్లో వాడతారు. తెల్లటి పొర నుంచి జామ్‌లకు కావలసిన పెక్టిన్ వస్తుంది. మిగిలిన పిప్పిని బయోగ్యాస్‌కు వేయొచ్చు, కానీ నూనె తీసేశాకే. లిమోనీన్ ఎక్కువైతే గ్యాస్ తయారుచేసే సూక్ష్మజీవులే దెబ్బతింటాయి. తోటలో కొట్టిన మందుల అవశేషాలు తొక్క మీదే ఎక్కువగా ఉంటాయి, అందుకే ఏ పనికైనా ముందు బాగా కడగాలి. నూనె కావాలంటే పచ్చి తొక్క నుంచే తీయండి, ఎండలో పడేస్తే చాలావరకు ఎగిరిపోతుంది.